కారం చేతులు

సీజను మొదలైంది. యార్డు నిండా తేజ టిక్కీలు.
పొద్దుగూకేదాకా తొడిమలు తీసి
ఏటుకూరు రోడ్డంతా ఆటోలో తుమ్ముకుంటూ వచ్చి
గుమ్మంలో చెప్పులు విడిచేలోపే
అది గోడకు అతుక్కుపోయేది.

ఉలికి అని పేరు పెట్టింది నేనే.
కుక్కరు కూతేస్తే ఉలికిపడేది.
నల్లపాడు వైపు గూడ్సు పోతే ఉలికిపడేది.
దండెం మీద చీర గాలికి తిరగబడితే చాలు,
తాడు తెగేలా గుంజి
నాలుగు నెలల కడుపును గుంజకేసి కొట్టుకునేది.
లోపలున్నది ఒకటో రెండో,
వాళ్లూ ఉలికిపడేవాళ్లేమో.

అమ్మినాయన దాచలేదు.
"పిరికిదమ్మా. ఇప్పటికి రెండు చేతులు మారింది" అని
రెండొందలు తగ్గించాడు.
యార్డులో తేమకు తరుగు తీస్తారు, తాలుకు తరుగు తీస్తారు,
భయానికి తరుగు తీసినవాణ్ణి
అతన్నొక్కణ్ణే చూశా.

అవిసాకు తెచ్చాను. వేరుశనగ చెక్క నానబెట్టి
తవుడులో కలిపి అరచేతిలో పెట్టి పిలిస్తే
మెడ చాచేది, ముక్కు ఎగరేసేది,
తుమ్మి
వెనక్కి.
రోజూ అంతే. తాడెంత పొడవో అంత దూరం.

ఒక రాత్రి దాంతో పోట్లాడాను కూడా.
"కోసుకు తినేదాన్నయితే
ఇంత కుడితి పెడతానంటే?"
నెమరు ఆపి విన్నది.
మళ్లీ నమలడం మొదలెట్టింది.

వెనకింటి లాజరు తాత ఒకప్పుడు డెబ్భై మేకలు కాసినోడు.
ఇప్పుడు కళ్లు ఆనవు.
మేకను చూడమని పిలిస్తే దాని జోలికే పోలేదు,
నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.
"ఏమే మస్తాన్‌బీ, కారం చేతులతో పలకరిస్తన్నావు.
నీకంటే అలవాటైన మంట.
దానికెట్టా అలవాటవుద్దే?"

అప్పుడు గుర్తొచ్చింది,
నా పిల్ల చంటిదిగా ఉన్నప్పుడు
పుల్లమజ్జిగతో కడిగి, నూనె పూసి, మట్టితో తోమి,
అప్పటికీ ముట్టుకున్నచోట దాని బుగ్గ ఎర్రబడితే
తెల్లార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చోవడం.
పదకొండేళ్లు. ఎట్టా మరిచిపోయానో.

ఆ రోజు నుంచి యార్డు చీర వీధి తీగ మీదే.
నీళ్లు పోసుకుని, గోళ్ల సందుల్లో నూనె పెట్టుకుని,
మజ్జిగ గిన్నెలో చేతులు నానబెట్టి
అప్పుడు పోయేదాన్ని దాని దగ్గరికి.
మూడోరోజు చెవులు నిక్కించింది.
ఆరోరోజు ఒక్క అవిసరెమ్మ అందుకుంది.
తర్వాతెప్పుడో, నేను వేరే ఏదో ఆలోచిస్తుండగా,
ఉప్పుకాయితం లాంటి నాలుకతో
అరచేతి గీతలన్నీ నాకింది.

తోక మొదట్లో అటూ ఇటూ వేళ్లు పెట్టి చూడ్డం
తాతే నేర్పాడు.
"రెండు తాళ్లు తగులుతాయి, బిగువుగా.
అవి దొరకని రోజు నువ్వు ఎక్కడికీ పోమాక."
మొన్న ఉన్నాయి. నిన్నా ఉన్నాయి.
ఇవాళ తెల్లారుజామున వెతికితే
మెత్తని గుంట.

డొక్కలు జారాయి. పొదుగు సొరకాయలా బిగిసి మెరుస్తోంది.
ముందుకాలితో నేల గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది,
తల తిప్పి తన డొక్కతోనే మాట్లాడుతుంది,
నేనెన్నడూ వినని సన్నటి గొంతు.
కింద పరవడానికి ఇంటినిండా గోనెలే,
అన్నీ మిరపకాయలు మోసినవే.
దులిపి దూరంగా పారేసి
పక్కవీధిలో వరిగడ్డి అడిగి తెచ్చాను.

ఏడున్నరకు మేస్త్రి ఏడుకొండలు ఫోను.
లోడు దిగి ఉంటుంది. రాకపోతే
రేపు నా చోట ఇంకొకామె కూర్చుంటుంది.
మోగుతున్న ఫోనును తవుడు డబ్బాలో వేసి మూత పెట్టాను.
లోపల తుమ్మెదలా గింజుకుంది.

ఉలికి ఉలిక్కిపడింది.
ఈసారి గోడవైపు కాదు.
బరువంతా తెచ్చి నా మోకాళ్ల మీద వేసింది.

నీళ్లు కాగుతున్నాయి. కొత్త బ్లేడు, దారం, అయోడిన్ సీసా
పళ్లెంలో ఉన్నాయి.
గోడవతల నుంచి తాత గొంతు:
"ఏమైనా కనబడిందా?"

ఇంకా లేదు తాతా.
గట్టిగా అరవమాక.